పాతదీ కొత్తదీ కలిసి నడిచిన ఆరు వారాలు

నేను పనిచేసే ఫ్యాక్టరీ హైదరాబాద్ శివార్లలో ఉంది. మాత్రలు, క్యాప్సూళ్లు తయారు చేస్తాం. అక్కడి డిస్పెన్సింగ్ విభాగంలో, అంటే ముడి సరుకులను ఒక్కొక్క బ్యాచ్‌కు కావలసినంత తూచి, విడి సంచుల్లో కట్టి ఉత్పత్తికి పంపే తూకం గదుల్లో, చేత్తో రాసే పద్ధతిని తీసివేసి బార్‌కోడ్ స్కానర్లతో, తూకం యంత్రానికి నేరుగా కలిపిన సాఫ్ట్‌వేర్‌తో నడిచే పద్ధతిని ప్రవేశపెట్టే బాధ్యత గత ఏడాది నాకు అప్పగించారు. ఆ పని ముగిసి కొన్ని నెలలైంది. మొదట వేసుకున్న ప్రణాళికలో ఏది నిలబడిందో, ఏది మొదటి వారంలోనే కూలిపోయిందో జ్ఞాపకం చెదరకముందే రాసిపెట్టుకోవాలని ఈ టపా మొదలుపెట్టాను. ముందే ఒక మాట చెప్పేస్తాను: మాకు ఎదురైన చిక్కుల్లో ఎక్కువ భాగం కొత్త సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చినవి కావు, పాత పద్ధతీ కొత్త పద్ధతీ ఒకే కప్పు కింద కాపురం చేసిన ఆ ఆరు వారాల వల్ల వచ్చినవి. మా ప్రణాళికలో ఆ ఆరు వారాల గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

పాత పద్ధతి ఎలా ఉండేదో తెలియకపోతే తరువాతి సంగతులు అర్థం కావు కాబట్టి కొంచెం వివరిస్తాను. స్టోర్‌లోకి వచ్చిన ప్రతి సరుకుకూ ముందు పసుపు లేబుల్ అంటిస్తారు, అంటే పరీక్షలో ఉందని. ప్రయోగశాల ఆమోదిస్తే ఆకుపచ్చ, తిరస్కరిస్తే ఎరుపు. ఆకుపచ్చ లేబుల్ ఉన్న డ్రమ్మును హెల్పర్ తూకం గదిలోకి తెస్తాడు. కెమిస్టు దాని మీది ఏఆర్ నంబరు, అంటే ప్రయోగశాల ఇచ్చిన పరీక్ష నంబరు, చూసి బ్యాచ్ రికార్డులో రాస్తాడు. ఖాళీ సంచి బరువు, సరుకుతో కలిపి బరువు, నికర బరువు వరుసగా రాస్తాడు. కింద ‘చేసినవారు’ అన్నచోట ఒక సంతకం, ‘సరిచూసినవారు’ అన్నచోట ఇంకొకటి. ఈ రెండో సంతకమే మొత్తం పద్ధతికి పట్టుకొమ్మ. నిజానికి బలహీనత కూడా అక్కడే ఉండేది, ఎందుకంటే నెలాఖరులో పని ఒత్తిడి పెరిగినప్పుడు సరిచూడవలసిన మనిషి ప్రతి తూకం దగ్గరా నిలబడకుండా చివరలో వచ్చి వరుసగా సంతకాలు పెట్టే అవకాశాన్ని కాగితం అడ్డుకోలేదు.

లెక్క దగ్గర ఇంకో చిక్కు ఉంది. మందు పదార్థం ఏ లాట్‌లోనూ, అంటే ఒకే విడతగా తయారై వచ్చిన సరుకులోనూ, సరిగ్గా నూటికి నూరు పాళ్లు ఉండదు. బ్యాచ్‌కు 50 కిలోలు కావాలని రికార్డు చెబుతుంది. ఆ లాట్ అస్సే, అంటే అందులోని అసలు మందు పాలు, తేమ తీసివేసిన లెక్కన 98.5 శాతం, తేమ 1.5 శాతం అని ప్రయోగశాల చెబుతుంది. అప్పుడు తూచవలసింది 51.534 కిలోలు, అధికంగా వేసిన ఆ 1.534 కిలోలను మాత్ర బరువు నింపడానికి కలిపే లాక్టోజ్‌లో తగ్గించాలి. ఈ లెక్కను కెమిస్టు క్యాలిక్యులేటర్ మీద చేసి రాస్తాడు, రెండోవాడు మళ్లీ చేసి చూస్తాడు. లెక్క కష్టమైనదేమీ కాదు. కానీ రాత్రి మూడు గంటలకు, పైన గౌనూ మాస్కూ వేసుకుని, రెండు జతల గ్లౌజులతో, పదకొండో సరుకు తూచేటప్పుడు చేయవలసిన లెక్క అది. దాన్ని మనిషి చేతిలోంచి తప్పించడమే ఈ మార్పుకు అసలు కారణం. ఎగుమతి దేశాల తనిఖీలు, 2023 డిసెంబరులో కేంద్రం నోటిఫై చేసిన సవరించిన షెడ్యూల్ ఎం (మందుల తయారీ నాణ్యతా నియమాలు), ఇవన్నీ ఆ నిర్ణయాన్ని తొందరపెట్టాయి.

ఇక రిస్క్ అసెస్‌మెంట్ సంగతి. మా రంగంలో ఏ మార్పు తలపెట్టినా చేంజ్ కంట్రోల్ ఫారం తెరవాలి, దానికి రిస్క్ అసెస్‌మెంట్ జత చేయాలి. మేం వాడేది ఎఫ్‌ఎంఈఏ, అంటే ఏ పని ఎక్కడ ఎలా తప్పవచ్చో ముందే ఊహించి అంకెలు వేసే ఒక పాత సాధనం. 1949లో అమెరికా సైన్యం కోసం రాసిన ఒక విధానపత్రం దానికి మూలం. ప్రతి లోపానికీ మూడు అంకెలు వేస్తారు: జరిగితే నష్టం ఎంత తీవ్రమైనది, ఎంత తరచుగా జరగవచ్చు, జరిగినప్పుడు మన కంట పడకుండా పోయే అవకాశం ఎంత. ఒక్కొక్కటి 1 నుంచి 10 దాకా. మూడింటినీ గుణిస్తే వచ్చేదాన్ని ఆర్‌పీఎన్ అంటాం. మా దగ్గర అది 100 దాటితే నివారణ చర్య రాసి, బాధ్యుడి పేరూ గడువూ వేయాలి.

ఆ సమావేశం నాకు బాగా గుర్తుంది. ప్రొడక్షన్, స్టోర్స్, ఇంజనీరింగ్, ఐటీ, క్యూఏ (నాణ్యతా హామీ) విభాగాల నుంచి తొమ్మిది మందిమి మధ్యాహ్నం రెండింటికి కూర్చుంటే టీ వచ్చేసరికి 31 వరుసలు నిండాయి. అంకెలు వేయడం మొదలుపెట్టాక ఒక విచిత్రం గమనించాను: లోపం గురించి మాట్లాడి అంకె వేయడానికి బదులు, ముందు లబ్ధం చూసుకుని అంకె సర్దుతున్నారు. 120 వస్తే, ‘ఇది అంత తరచుగా జరగదులెండి, 5 తీసి 4 వేద్దాం’ అంటారు, 96 అవుతుంది, అందరూ తేలికగా ఊపిరి పీల్చుకుంటారు. చివరికి మా పట్టికలో 90కీ 100కీ మధ్య ఉన్న వరుసలే ఏడు లెక్కతేలాయి. ఇందులో ఎవరి కుట్రా లేదు. గీత గీసి దాని ఇవతల ఉంటే పని తక్కువని చెబితే మనుషులు గీత ఇవతలే ఉంటారు.

అంతకంటే పెద్ద లోపం ఆ గుణకారంలోనే ఉంది. రోగి ప్రాణం మీదికి తెచ్చే లోపానికి తీవ్రత 10, తరచుదనం 2, కంట పడకపోవడం 2 వేస్తే లబ్ధం 40. లేబుల్ ముద్ర మసకబారడానికి 3, 4, 4 వేస్తే 48. పట్టిక ప్రకారం మసక లేబులే ముందు చూసుకోవలసిన సంగతి! వాహన పరిశ్రమ 2019లో తన ఎఫ్‌ఎంఈఏ చేతిపుస్తకాన్ని మార్చినప్పుడు ఈ గుణకారాన్ని వదిలేసి తీవ్రతకే మొదటి స్థానం ఇచ్చింది. మందుల రంగానికి ప్రమాణమైన ఐసీహెచ్ క్యూ9ను 2023లో సవరించినప్పుడు కూడా అంకెల వెనుక దాగే వ్యక్తిగత అభిప్రాయం గురించి గట్టిగానే హెచ్చరించారు. మేం మా విధానాన్ని అప్పటికప్పుడు మార్చలేకపోయినా ఒక నియమం మాత్రం చేర్పించగలిగాను: తీవ్రత 9 గాని 10 గాని అయితే లబ్ధం ఎంతైనా సరే, చర్య రాయవలసిందే. దానితో నాలుగు వరుసలు మళ్లీ పైకి వచ్చాయి.

అయినా అసలు తప్పు తప్పుగానే మిగిలింది. ఆ 31 వరుసలనూ ఇప్పుడు తీసి చూస్తే, సర్వర్ ఆగిపోవడం, స్కానర్ కింద పడటం, ప్రింటర్‌లో రోల్ అయిపోవడం, కరెంటు పోవడం, పాస్‌వర్డ్ మరిచిపోవడం, అన్నీ కొత్త పద్ధతి పూర్తిగా అమల్లోకి వచ్చాక జరగగలిగినవే. మొదటి రోజుకూ చివరి రోజుకూ మధ్య ఏమవుతుందో ఎవరమూ అడగలేదు.

ఇలా మధ్యకాలాన్ని మరిచిపోయినవాళ్లు మేం ఒక్కళ్లమే కాదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల సంస్థ, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఆ రోజు మొదలుపెడుతున్న ఒక కొత్త సదుపాయం కోసం తన సాఫ్ట్‌వేర్‌ను మార్చింది. మార్చవలసిన సర్వర్లు 8. ఏడింటిలో కొత్త ప్రోగ్రామ్ చేరింది, ఒకదాంట్లో చేరలేదు. అది చేరిందో లేదో రెండో మనిషి సరిచూసే ఏర్పాటు లేదు. ఆ ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ల క్రితం వాడకం మానేసిన పాత ప్రోగ్రామ్ ఒకటి ఇంకా పడి ఉంది. దాన్ని నడిపించే సంకేతాన్నే కొత్త ప్రోగ్రామ్‌కు కూడా వాడారు. మార్కెట్ తెరవగానే ఏడు సర్వర్లు కొత్త పని చేశాయి, ఎనిమిదోది పాత పని మొదలుపెట్టి ఆపకుండా షేర్లు కొంటూ అమ్ముతూ పోయింది. 45 నిమిషాల్లో సంస్థ 46 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది.

ఆ ఉదంతంపై అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన ఉత్తర్వును నేను మా పని మొదలయ్యాక చదివాను, ముందే చదవవలసింది. అందులో నన్ను నిలబెట్టేసిన సంగతులు రెండు. మార్కెట్ తెరవకముందే ఆ పాత ప్రోగ్రామ్ పేరుతో 97 ఈమెయిళ్లు సిబ్బందికి వెళ్లాయి. అవి హెచ్చరికలుగా పంపడానికి ఏర్పరచినవి కావు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. రెండోది ఇంకా బాధాకరం. గొడవ మొదలయ్యాక కంగారులో, కొత్త ప్రోగ్రామే దీనికి కారణమనుకుని, అది సరిగ్గా ఉన్న ఏడు సర్వర్లలోంచి దాన్ని తీసేశారు. దానితో ఆ ఏడూ కూడా ఎనిమిదోదాని దారి పట్టాయి. వెనక్కి వెళ్లే దారి ఉంది అనుకోవడం వేరు, ఆ దారిలో ముందే ఒకసారి నడిచి చూసి ఉండటం వేరు.

అలాగైతే మధ్యకాలమే లేకుండా ఒక్క రాత్రిలో మార్చేయవచ్చు కదా అని మా ప్లాంట్ హెడ్ అడిగారు. సమంజసమైన ప్రశ్నే. స్వీడన్ దేశం రోడ్డుకు ఎడమవైపు నడిచే వాహనాలను కుడివైపుకు మార్చింది అలాగే: 1967 సెప్టెంబరు 3, ఆదివారం తెల్లవారుజామున 4:50కి రోడ్డు మీదున్న వాహనాలన్నీ ఆగి, జాగ్రత్తగా అవతలి వైపుకు జరిగి, 5 గంటల దాకా కదలకుండా నిలబడి, తరువాత బయలుదేరాయి. అత్యవసరం కాని రాకపోకలను అర్ధరాత్రి దాటాక ఒంటి గంట నుంచే ఆపేశారు. అక్కడ దశలవారీ అన్న మాటకే అర్థం లేదు; ముందు లారీలు, వచ్చే నెలలో కార్లు అనలేరు. మా పరిస్థితి వేరు. ఏ రాత్రి చూసినా సగం తూచిన బ్యాచ్‌లు ఉంటాయి. 14 ఉత్పత్తుల మాస్టర్ రికార్డులను, అంటే ఏ మందులో ఏది ఎంత కలపాలో చెప్పే మూలపత్రాలను, సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, ఆమోదించాలి. మూడు షిఫ్టుల మనుషులకు నేర్పాలి. అన్నీ ఒకేసారి మార్చి అందులో ఒక ఫార్ములా తప్పుగా ఎక్కి ఉంటే, ఆ తప్పు బయటపడేసరికి ఎన్ని బ్యాచ్‌లు వెళ్లిపోతాయో చెప్పలేం. కాబట్టి మధ్యకాలం తప్పదు. దాన్ని ఎక్కడ కోయాలన్నదే మిగిలిన ప్రశ్న.

మూడు రకాలుగా కోయవచ్చు. గదుల వారీగా అయితే మూడో నంబరు గది కొత్తది, ఒకటీ రెండూ పాతవి. కానీ ఒకే బ్యాచ్‌లోని మందు పదార్థం ఒక గదిలో, మిగతావి ఇంకో గదిలో తూచడం మా దగ్గర మామూలే కాబట్టి ఒకే రికార్డులో సగం ముద్ర, సగం చేతిరాత కనిపిస్తుంది. షిఫ్టుల వారీగా అన్నది ఐటీ విభాగం సలహా, తమ మనుషులు పగలే ఉంటారు కాబట్టి; అది అన్నిటికంటే అపాయకరమైనది, పగలు ఒక పద్ధతిలో మొదలైన బ్యాచ్‌ను రాత్రి ఇంకో పద్ధతిలో ముగించవలసి వస్తుంది. చివరికి ఉత్పత్తుల వారీగా కోశాం. ఒక ఉత్పత్తి కొత్త పద్ధతిలోకి వచ్చిందంటే దాని ప్రతి సరుకూ, ప్రతి షిఫ్టులోనూ, ప్రతి గదిలోనూ కొత్త పద్ధతిలోనే. మొదట తక్కువ సరుకులుండి, తరచుగా తయారయ్యే రెండు ఉత్పత్తులను ఎంచుకున్నాం. తరచుగా అన్నది ముఖ్యం. నెలకొకసారి తయారయ్యే మందుతో మొదలుపెడితే మనుషులు నేర్చుకున్నది మరిచిపోయేసరికి రెండో బ్యాచ్ వస్తుంది.

ఈ కోత చాలా శుభ్రంగా ఉందనుకుని మురిసిపోయాను. మూడో వారం మంగళవారం ఉదయం ఆ మురిపెం తీరిపోయింది. కొత్త పద్ధతిలో ఉన్న ఉత్పత్తికి పొడి యంత్రానికి అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ 5 కిలోలు కావాలి. సాఫ్ట్‌వేర్ ఒక డ్రమ్మును చూపించి అందులో 7.900 కిలోలు ఉన్నాయంది. ఆపరేటర్ స్కాన్ చేసి, మూత తీసి, సంచిలోకి తోడటం మొదలుపెడితే 3.400 దగ్గర డ్రమ్ము అడుగు కనిపించింది. ముందు రోజు రాత్రి కాగితం పద్ధతిలో ఉన్న వేరే ఉత్పత్తికి అదే డ్రమ్ములోంచి 4.500 కిలోలు తీసుకున్నారు. స్టాక్ కార్డులో చక్కగా రాశారు కూడా. రాసినవాడి తప్పేమీ లేదు, సాఫ్ట్‌వేర్ తప్పూ ఏమీ లేదు. కార్డు సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, సాఫ్ట్‌వేర్ సంగతి కార్డుకు తెలియదు. ఉత్పత్తుల మధ్య మేం గీసిన గీత మందు పదార్థాల దగ్గర నిలబడింది గాని లాక్టోజ్, స్టార్చ్, టాల్క్, స్టియరేట్ లాంటి ఉమ్మడి సరుకుల మీద ఆ గీతే లేదు.

ఆ పూట నష్టం నాలుగు గంటల ఆలస్యం, ఒక డీవియేషన్ రిపోర్టు (రాసిపెట్టిన పద్ధతి తప్పినప్పుడు రాసే నివేదిక), అంతే. కానీ అదే సరుకు ఇంకో లాట్‌కు చెందిన డ్రమ్ము పక్కనే ఆకుపచ్చ లేబుల్‌తో ఉంది, దానికి కొత్త బార్‌కోడ్ ఇంకా అంటించలేదు. పాత అలవాటు కొద్దీ మిగిలిన 1.600 కిలోలు అందులోంచి తీసి కలిపి ఉంటే రికార్డు ఒక లాట్ చూపించేది, మందులో రెండు లాట్లు ఉండేవి. తూకం యంత్రం దాన్ని పట్టుకోగలిగేది కాదు, బరువు సరిగ్గా 5 కిలోలే కాబట్టి. ఆపరేటర్ అలా చేయకుండా ఆగి ఫోన్ చేశాడు. ఒక మనిషి ఆగడం మీద ఆధారపడిన రక్షణను రక్షణ అని పట్టికలో రాయడానికి నాకు మనసొప్పలేదు.

పరిష్కారం చాలా చవకైనది దొరికింది. స్టోర్ ఇన్‌చార్జి గారి ఆలోచన అది. ఉమ్మడి సరుకుల్లో ప్రతిదానికీ కొన్ని డ్రమ్ములను, బస్తాలను కొత్త పద్ధతికి కేటాయించి వాటి మూతికి నీలం రంగు ప్లాస్టిక్ టై బిగించి, వేరే ర్యాక్‌లో పెట్టాం. నీలం టై ఉన్నదాన్ని కాగితం మీద తూచకూడదు. నీలం టై లేనిదాన్ని స్కానర్ ముందుకు తేకూడదు. ఒకసారి నీలం టై పడిన డ్రమ్ము మళ్లీ పాత వైపుకు వెళ్లకూడదు. ఈ మూడు వాక్యాలనూ తెలుగులో, హిందీలో రాసి గది తలుపుకు అంటించాం, ఎందుకంటే మా హెల్పర్లలో సగం మంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు. సరుకు నిల్వ కొంచెం పెంచవలసి వచ్చింది. పర్చేజ్ విభాగం గొణిగింది. ఆ తరువాతి వారాల్లో అలాంటి డీవియేషన్ మళ్లీ రాలేదు.

శిక్షణ గురించి కూడా ఒక అనుభవం చెప్పాలి. ఐటీ వాళ్లు ప్రొజెక్టర్ మీద 60 స్లైడ్లు చూపించారు. చివర్లో ప్రశ్నపత్రం ఇస్తే అందరూ ఉత్తీర్ణులయ్యారు. ఇరవై ఏళ్లుగా తూకం గదిలోనే ఉన్న ఒక పెద్దాయన మాత్రం బయటికి వెళ్తూ నా దగ్గర ఆగి, ‘సార్, కాగితంలో తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, కారణం రాసి సంతకం పెడతాం. దీంట్లో తప్పు పడితే ఎక్కడ కొట్టేయాలి?’ అని అడిగారు. నాకు జవాబు తెలియలేదు. వాకబు చేస్తే, తూకాన్ని రద్దు చేసే అధికారం ఒక్క సూపర్‌వైజర్ లాగిన్‌కే ఉందని తేలింది. రాత్రి షిఫ్టులో మా రెండు బ్లాకులకూ కలిపి సూపర్‌వైజర్ ఒక్కరే. అంటే ఏమవుతుందో తెలిసిందే: మొదటి వారం ఆయన కోసం ఎదురుచూస్తారు, రెండో వారం ఆయన విసుగెత్తి పాస్‌వర్డ్ చెప్పేస్తారు. మా రంగంలో అంతకంటే పెద్ద నేరం లేదు. ఎలక్ట్రానిక్ రికార్డులపై అమెరికా 1997లో తెచ్చిన నిబంధన, 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11, మొదటి నుంచీ పట్టుపడుతున్నది సంతకం ఎవరిదో వారిదే కావాలన్న సంగతి మీదే. ప్రతి షిఫ్టులో ఇద్దరికి రద్దు అధికారం ఇచ్చి, రద్దు చేసిన ప్రతి తూకానికీ కారణం టైపు చేయడం తప్పనిసరి చేసి, ఆ జాబితాను మర్నాడు ఉదయం క్యూఏ చదివేలా ఏర్పాటు చేశాకే మొదటి బ్యాచ్‌కు అనుమతి ఇచ్చాం. ఆ పెద్దాయన ప్రశ్న వల్ల ప్రారంభం తొమ్మిది రోజులు వెనక్కి జరిగింది. మా పట్టికలోని 31 వరుసలకంటే ఆ ఒక్క ప్రశ్న విలువైనదని ఇప్పటికీ అనుకుంటాను.

కొత్త పద్ధతి తనంతట తాను పుట్టించే ప్రమాదాలు కూడా ఉంటాయి, అవి ముందుగా ఊహకు అందవు. మా తూకం గదుల్లో పొడి మనిషి మీదికి లేవకుండా పైనుంచి కిందికీ వెనక్కీ గాలి లాగే ఏర్పాటు ఉంటుంది. రంగు కోసం కలిపే ఐరన్ ఆక్సైడ్ లాంటివి కొద్ది గ్రాములే తూచాలి. చిన్న తూకం యంత్రం మీద ఆ గాలికి చివరి అంకె అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. కాగితం కాలంలో మనిషి కళ్లతో చూసి, అంకె ఎక్కువసేపు ఎక్కడ నిలుస్తుందో అది రాసేవాడు. సాఫ్ట్‌వేర్ అలా ఒప్పుకోదు. అంకె పూర్తిగా నిలిచేదాకా తీసుకోదు. రెండో వారంలో ఒక రోజు రౌండ్‌కు వెళ్తే గది బయట గాలి ఒత్తిడి తేడా చూపే మాగ్నెహెలిక్ గేజ్ ముల్లు సున్నా మీద ఉంది. లోపల గాలి ఆపేసి తూస్తున్నారు! ‘అర నిమిషమే సార్, అంకె నిలవట్లేదు’ అన్నాడు కుర్రాడు, దాచే ప్రయత్నం కూడా చేయకుండా. తప్పు తూకం పడకుండా తెచ్చిన యంత్రం కోసం, మనిషి ఊపిరితిత్తులను, పక్క సరుకును కాపాడే గాలిని ఆపేశారన్నమాట. అతన్ని మందలించడం న్యాయం కాదనిపించింది. యంత్రం చుట్టూ అద్దాల కవచం పెట్టించి, అంకె నిలకడ సెట్టింగ్‌ను తూకం యంత్రాల సంస్థ మనిషిని పిలిపించి సరిచేయించి, మళ్లీ క్రమాంకనం చేయించాం. దానితో పాటు గాలి ఆగి ఉంటే సాఫ్ట్‌వేర్ తూకమే తీసుకోకుండా రెండింటినీ ముడిపెట్టాం.

ఎప్పుడు మొదలుపెట్టాలన్న దాని మీద మాత్రం మా అంచనా తప్పలేదు. నెలాఖరు వారం వద్దనుకున్నాం, డిస్పాచ్ లక్ష్యాల హడావిడిలో ఎవరూ కొత్త పని నేర్చుకోరు. దసరా, దీపావళి సెలవులు ముగిసి జనం తిరిగి వచ్చిన నవంబరు మొదటి వారంలో, ఒక బుధవారం ఉదయం షిఫ్టులో మొదలుపెట్టి, సంక్రాంతికి ఊళ్లు ఖాళీ అయ్యేలోపు ముగించాలని లెక్క వేశాం. సోమవారం వారాంతపు శుభ్రతతోనే సరిపోతుంది, శుక్రవారం మొదలుపెడితే ఇబ్బంది వచ్చేసరికి అడగడానికి మనిషి ఉండడు. అన్నట్టు, స్కానర్లు దసరాకు ముందే వచ్చి ఆఫీసులో అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఆయుధపూజ నాడు వాటినీ బల్ల మీద వరుసగా పేర్చి పూజ చేశారు. కుంకుమ బొట్టు స్కానర్ గాజు మీద కాకుండా పిడి మీద పెట్టమని నేను బతిమాలుకోవలసి వచ్చింది, తరువాత పిడి మీది బొట్టును కూడా ఆల్కహాల్‌తో తుడిచాకే లోపలికి పంపామనుకోండి.

వెనక్కి మళ్లే దారి సంగతికి వస్తాను, నైట్ క్యాపిటల్ కథ చదివాక నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. మా నియమాలు ఇవి. తూచడం ఏ పద్ధతిలో మొదలైతే ఆ సరుకు ఆ పద్ధతిలోనే ముగియాలి. సరుకు మధ్యలో మారకూడదు, సరుకుకూ సరుకుకూ మధ్య మారవచ్చు. వ్యవస్థ రెండు గంటలకు మించి ఆగితే కాగితానికి వెళ్లాలి. అందుకోసం నంబర్లు వేసిన పది సెట్ల ఫారాలను సీలు వేసి క్యూఏ బీరువాలో పెట్టాం, సెలవు రోజున ఒకసారి నీళ్ల డ్రమ్ములతో ఉత్తుత్తి బ్యాచ్ నడిపి, మధ్యలో సర్వర్ తీగ పీకేసి, కాగితానికి వెళ్లి, మళ్లీ వ్యవస్థలోకి ఎలా ఎక్కించాలో చూసుకున్నాం. ఆ ఉత్తుత్తి బ్యాచ్‌లోనే తెలిసింది, కాగితం మీద తూచినదాన్ని తరువాత సాఫ్ట్‌వేర్ నిల్వలోంచి తగ్గించే తెర ఎవరి లాగిన్‌లోనూ లేదని.

గట్టి వాదన జరిగింది మాత్రం ఆ సీలు ఎవరు తెరవాలన్న దాని మీద. విభాగాధిపతి అనుమతి తప్పనిసరి అన్నారు కొందరు. రాత్రి రెండింటికి ఏ విభాగాధిపతి ఫోన్ ఎత్తుతారు, ఎత్తినా నిద్రమత్తులో ‘ఉదయం దాకా ఆగండి’ అనడం తప్ప ఏమంటారు? షిఫ్టులో ఉన్న ఐపీక్యూఏ ఉద్యోగే, అంటే ఉత్పత్తి జరిగేచోటే ఉండి నాణ్యత చూసే క్యూఏ మనిషే, ఎవరినీ అడగకుండా, రాసిపెట్టిన షరతు నెరవేరిందా లేదా అని మాత్రమే చూసి తెరవాలని పట్టుబట్టాను. తెరిచినందుకు తరువాత సంజాయిషీ అడగకూడదని కూడా మినిట్స్‌లో రాయించాను. ఐదో వారంలో ఒక రాత్రి 2:20కి లేబుల్ ప్రింటర్ హెడ్ కాలిపోయింది. మారుప్రింటర్ పక్క బ్లాకులో ఉంది గాని దాన్ని వ్యవస్థకు కలపడం రాత్రి మనిషికి రాదు. 4:20 దాకా ఆగి, ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా నిండని ఐపీక్యూఏ అమ్మాయి సీలు తెరిచి, ఒకటో నంబరు సెట్ ఇచ్చి, రిజిస్టర్‌లో సమయం రాసి సంతకం చేసింది. నాకు ఆ సంగతి ఉదయం ఏడింటికి గేటు దగ్గర తెలిసింది. బ్యాచ్ అప్పటికే గ్రాన్యులేషన్‌కు, అంటే పొడిని రవ్వలా మార్చే తరువాతి దశకు, వెళ్లిపోయింది.

మధ్యకాలానికి ముగింపు తేదీ కూడా మొదటి రోజే వేసుకోవాలి, లేకపోతే ఆ చివరి రెండు ఉత్పత్తులు ఎప్పటికీ కాగితం మీదే ఉండిపోతాయి. మా దగ్గర కూడా ఏడాదికి మూడు బ్యాచ్‌లే తయారయ్యే ఒక మందు కోసం, ‘దీన్ని ఇలాగే ఉంచేద్దాం, ఎందుకొచ్చిన శ్రమ’ అన్న మాట వచ్చింది. ఆ ఒక్కదాని కోసం పాత ఎస్‌ఓపీని (పని ఎలా చేయాలో రాసిపెట్టిన విధానపత్రాన్ని), పాత రిజిస్టర్లను, రెండు రకాల డ్రమ్ములను, రెండు అలవాట్లను నిలబెట్టుకోవాలి. దాన్ని తూచే రోజున చేయి మరిచిపోయిన పద్ధతిలో తూచాలి. దాని రికార్డును కూడా ఎక్కించి డిసెంబరు మూడో వారంలో పాత ఎస్‌ఓపీ మీద రద్దు ముద్ర వేయించాం. సీలు వేసిన ఫారాల్లో తొమ్మిది సెట్లు మిగిలాయి. అవి ఇంకా బీరువాలోనే ఉన్నాయి, అవసరం తీరిపోయే వస్తువులు కావవి.

వచ్చే దసరా తరువాత గ్రాన్యులేషన్ హాలులో ఇలాంటి మార్పే మొదలవుతోంది. కొత్త రిస్క్ పట్టికలో మొదటి పది వరుసలు ‘రెండు పద్ధతులూ అమల్లో ఉన్న కాలంలో’ అన్న మాటతోనే మొదలవుతున్నాయి, ఆ పెద్దాయనను ఈసారి సమావేశానికే పిలిచాం. నీలం టైలు ఒక సంచి నిండా నా బల్ల సొరుగులో మిగిలి ఉన్నాయి. అక్కడ చిన్న డ్రమ్ములు కావు, పెద్ద బిన్లు కాబట్టి ఇవి పొడవు చాలవని స్టోర్ ఇన్‌చార్జి గారు నిన్ననే కొలిచి చెప్పారు. అడుగున్నర పొడవువి రెండు వందలు తెప్పించమని ఇండెంట్ పెట్టాను.